బూట్లు విప్పకుండా చెబుతున్నాను

సహోదరులారా, సహోదరీలారా, మీ అందరి చూపూ ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలుసు, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. అవును, బూట్లు వేసుకునే ఈ వేదిక మీద నిలబడ్డాను! మన హాలు గుమ్మం దగ్గర అందరి చెప్పులూ వరసగా ఉన్నాయి, వాటిలో నావి లేవు, ఇక ముందు కూడా ఉండవు. మొన్నీమధ్య కమిటీలో ఒకరు నన్ను పక్కకు పిలిచి, దేవుని సన్నిధిలో పాదరక్షలేమిటి బ్రదర్, కనీసం సాక్ష్యం చెప్పే రోజైనా విప్పండి అన్నారు. విప్పను. ఎందుకు విప్పనో చెప్పడమే నా సాక్ష్యం. అంతా విన్నాక కూడా విప్పమనేవాళ్లు ఎవరైనా ఉంటే ఆరాధన అయ్యాక టీ దగ్గర కలవండి, మాట్లాడుకుందాం.

నా పేరు సుధాకర్, మాది తెనాలి అవతల ఒక పల్లె. నేనూ నా భార్య సువార్తా సిడ్నీలో దిగేసరికి Y2K పని జోరు మీద ఉంది. రెండు వేల సంవత్సరం రాగానే పాత కంప్యూటర్ ప్రోగ్రాములన్నీ తేదీ దగ్గర తికమకపడతాయని ప్రపంచమంతా భయపడుతున్న రోజులు కదా, కోబోల్ అనే పాత కంప్యూటర్ భాష వచ్చిన ప్రతివాడినీ పిలిచి కుర్చీ వేసేవారు. కోబోల్ నేర్చుకుంటున్నానంటే ముసలి చదువని నవ్విన మా బావమరిదే నా ఉద్యోగం చూసి ముక్కున వేలేసుకున్నాడు! ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో కాంట్రాక్టు, హారిస్ పార్క్‌లో స్టేషను దగ్గర అద్దె ఇల్లు, కింద కొట్లో గోంగూర కూడా దొరికేది, ఇంకేం కావాలి అనుకున్నాం.

అప్పుడే నా పాదాలు నన్ను వదిలిపెట్టడం మొదలైంది. మొదట అరికాళ్లలో చీమలు పాకినట్టు ఉండేది, తర్వాత గుంటూరు కారం రుద్దినంత మంట, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత మంట, ఆ తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం ఉంది చూశారూ, మంట కన్నా అదే భయం! నేల చల్లగా ఉందో వేడిగా ఉందో తెలియదు, మెట్టు మీద కాలు ఆనిందో లేదో కిందికి చూసుకుంటే తప్ప తెలియదు. పారమట్టాలో డాక్టరమ్మ దగ్గరికి వెళితే నాకు షుగర్ ఉందని, చాలాకాలంగా ఉండి ఉంటుందని, దానివల్ల కాళ్ల నరాలు దెబ్బతిన్నాయని, దీన్ని పెరిఫెరల్ న్యూరోపతీ అంటారని చెప్పింది. వట్టి కాళ్లతో ఇంట్లో కూడా నడవొద్దంది, రోజూ అద్దం పెట్టి అరికాళ్లు చూసుకోమంది, మందు తాగుతావా అని అడిగింది. సోషల్‌గా మాత్రమే అన్నాను గర్వంగా. ఆవిడేమో, మద్యం కూడా నరాలను దెబ్బతీస్తుంది, నువ్వు ఎవరితో కలిసి తాగావో నీ నరాలకు తెలియదు, అసలు మానేయడమే మంచిది అంది. నేను తలూపి వచ్చేశాను. తలూపడంలో మనల్ని మించినవాళ్లు లేరు కదా!

ఒక సంగతి ఇప్పుడే గట్టిగా చెబుతున్నాను. నేను తాగుబోతును కాను. నా సాక్ష్యం విని ఇంటికి వెళ్లి, పాపం సుధాకర్ ఒకప్పుడు రోడ్ల మీద పడి ఉండేవాడట అని కథలు అల్లొద్దు. నేనెప్పుడూ పడిపోయేంత తాగలేదు, భార్య మీద చెయ్యి ఎత్తలేదు, పని ఎగ్గొట్టలేదు. నేను సోషల్‌గా తాగేవాణ్ణి, ఈ హాల్లో కూర్చున్న కొందరిలాగే! తాగుబోతుకు కనీసం తాను మునుగుతున్న సంగతి తెలుసు, కేకలు వేస్తాడు, ఎవరో ఒకరు చెయ్యి అందిస్తారు. మోకాటి లోతు నీళ్లలో నవ్వుతూ నిలబడ్డవాడికి చెయ్యి ఎవరు అందిస్తారు చెప్పండి!

ఈ దేశానికి కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఇక్కడి పద్ధతి చెబుతాను. శుక్రవారం సాయంత్రం ఆఫీసు పక్క పబ్‌లో టీమంతా చేరతారు. ఎవరి గ్లాసు వాళ్లు కొనుక్కోరు, ఒకరు అందరికీ కొంటారు, దాన్ని షౌట్ అంటారు, తర్వాత ఇంకొకరి వంతు, అలా అందరి వంతూ తిరగాలి. మధ్యలో జారుకున్నవాడు పిసినారి, వద్దన్నవాడు కలవనివాడు, అని నేననుకున్నాను. మా మేనేజరు గ్రెగ్ మంచివాడే, కానీ కాంట్రాక్టు పొడిగించే కాగితం మీద సంతకం పెట్టేది కూడా అతనే. నలుగురితో నారాయణ అనుకుంటూ నేనూ గ్లాసు పట్టుకున్నాను, తెనాలి మిషన్ బళ్లో సండే స్కూలు చెప్పినవాణ్ణి! అసలు దాని రుచే నాకు పడేది కాదు సహోదరులారా. నన్ను పట్టుకున్న దయ్యం పేరు మద్యం కాదు, మొహమాటం. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత ఒకటుంది, పెద్దలున్నారు కాబట్టి పూర్తిగా చెప్పను.

శుక్రవారం సాయంత్రం గ్లాసు, శనివారం ఉదయం ఉపవాస ప్రార్థన, ఇలా సాగింది నా భక్తి. శనివారం మోకాళ్ల మీద, ప్రభువా నా పాదాలకు స్పర్శ ఇవ్వు అని ఏడ్చేవాణ్ణి, మళ్లీ శుక్రవారం వచ్చేసరికి ఆ పాదాలతోనే పబ్ మెట్లు దిగేవాణ్ణి. మన సంఘంలో పెద్దవారు ఆనందరావు అంకుల్, అదిగో ముందు వరసలో కూర్చున్నారు, ఆయన అనుమతి తీసుకునే ఇది చెబుతున్నాను, ఆ రోజుల్లో ఒక ప్రార్థన కూటంలో అందరి ముందూ అన్నారు.

"కాళ్లు చచ్చుబడ్డయ్యంటే ఊరికే చచ్చుబడవబ్బాయ్. దేవుడు దేనికో వాతపెడతన్నాడు, చూసుకో."

నాకు ఒళ్లు మండిపోయింది! షుగరున్న వాళ్లందరూ పాపులా, మా అమ్మకూ ఉంది షుగరు, ఆవిడ జీవితంలో కల్లు వాసన కూడా చూడలేదు! అడుగుదామనుకున్నాను, అక్కడా మొహమాటమే, తలూపి వచ్చేశాను. ఆయనను చూస్తే పక్క వీధిలోకి తిరిగే స్థితికి వచ్చాను.

ఇక ఆ ఏడాది ఈస్టరుకు వారం ముందటి శనివారం సంగతి. గ్రెగ్ తన ఇంట్లో బార్బెక్యూ పెట్టి టీమందరినీ పిలిచాడు. గుమ్మం దగ్గరికి వెళ్లి మన అలవాటు కొద్దీ బూట్లు విప్పాను. గ్రెగ్ భార్య లిండా, వేసుకోండి, పరవాలేదు, పెరట్లోకే కదా అని రెండుసార్లు చెప్పింది. మర్యాద కోసం అంటోంది అనుకున్నాను! మన ఇళ్లలో పరవాలేదు వేసుకు రండి అంటే విప్పమనే అర్థం కదా, అలాగే అనుకుని మేజోళ్లు కూడా విప్పి బూట్లలో కుక్కి, వట్టి కాళ్లతో పెరట్లోకి దిగాను. డాక్టరమ్మ మాట గుర్తుకు రాలేదా అంటే వచ్చింది. ఒకరి ఇంటికి వెళ్లి బూట్లతో తిరుగుతామా అన్న ఆలోచన దాన్ని తొక్కేసింది.

చేతికి బీరు సీసా వచ్చింది. వద్దు అనే మాట గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది. తాగాను, అది అయ్యాక ఇంకొకటి ఇచ్చారు, అసలే కాలి కింద నేల తెలియనివాణ్ణి, తల కూడా కాస్త తేలింది, పెరటి మెట్టు దగ్గర అడుగు తప్పి సీసా రాళ్ల మీద జారవిడిచాను. అందరూ నవ్వారు, ఇప్పుడే ఔటా మేట్ అని. సిగ్గుతో అక్కడే కూర్చుని గాజు ముక్కలు ఏరబోయాను, వట్టి కాళ్లతో, ఆ ముక్కల మధ్యే! గ్రెగ్ వద్దని చీపురు తెచ్చి ఊడ్చేశాడు. నాకేమీ నొప్పి లేదు. ఎలా ఉంటుంది! బూట్లు వేసుకుని, అందరికీ థాంక్స్ చెప్పి, ట్రైనెక్కి ఇంటికి వచ్చేశాను.

ఆదివారం ఏమీ లేదు. సోమవారం కాస్త జ్వరంలా ఉంటే వాతావరణం మారింది అనుకున్నాను. ఆఫీసులో టెస్టింగ్ గడువు దగ్గర పడింది, మాత్ర వేసుకుని వెళ్లాను. గదిలో ఏదో వాసన అని సువార్త అంటే బూట్లది అన్నాను. అద్దం బాత్రూంలోనే ఉంది, వంగి చూసుకోలేదు. చూస్తే ఏం కనబడుతుందో అని భయం, నిజం చెప్పాలంటే అంతే.

గురువారం సాయంత్రం ఇదే హాల్లో పాదాలు కడిగే ఆరాధన. ప్రభువు తన శిష్యుల పాదాలు కడిగిన రాత్రిని గుర్తు చేసుకుంటూ మన సంఘంలో పెద్దలు కూర్చున్నవాళ్ల పాదాలు కడుగుతారు కదా, నేను వెనక వరసలో నక్కాను, కానీ సువార్త నన్ను లాక్కొచ్చి ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. ఎవరొచ్చారో తెలుసా నా పాదాల దగ్గరికి? ఆనందరావు అంకుల్! ప్రభువా, ఇంతమందిలో ఈయనేనా అనుకున్నాను. ఆయనకూ అలాగే ఉండి ఉంటుంది, నా ముఖం చూడకుండా మోకాళ్ల మీద కూర్చుని నా కుడి పాదం పళ్లెంలో పెట్టారు. నీళ్లు ఎర్రబడ్డాయి. ఆయన పాదం పైకెత్తి చూశారు, వేలి మొదట్లో చీము, దాని మధ్యలో ఏదో తళుక్కుమంది.

"ఏంట్రా అబ్బాయ్ ఇది? గాజు పెంకు దిగబడి ఉంది గదరా! నెప్పి తెలవట్లేదా నీకు?"

"తెలియదంకుల్" అన్నాను. "నాకేమీ తెలియదు."

ఆ మాట అనగానే నాకు ఏడుపు ఆగలేదు. అందరూ పాట పాడుతూనే ఉన్నారు. ఆయన ఒక్క ఉపదేశం కూడా చెప్పలేదు. నడుముకు కట్టుకున్న తువాలు విప్పి నా పాదానికి చుట్టి, సువార్తను పిలిచి, నన్ను భుజం మీద ఆనించుకుని తన పాత కారులో ఆసుపత్రికి తీసుకెళ్లారు.

మంచి శుక్రవారం ఉదయం సర్జన్ వచ్చి చెప్పాడు. చీము ఎముక దగ్గరికి చేరింది, లోపల తెరిచి చూడాలి, ఎముక పాడైతే వేలు తీయాలి, ఇంకా పాకి ఉంటే పాదం ముందు భాగమంతా తీయాలి, అక్కడా ఆగకపోతే ఇంకా పైకి వెళ్లాలి, తెరిస్తే తప్ప ఏదీ చెప్పలేను అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కదా అనుకుంటూ సంతకం పెట్టాను. సువార్త మంచం పక్కన నిలబడి నా పాదాన్ని పట్టుకుంది. పట్టుకున్నట్టు చూశాను గానీ నాకు తెలియలేదు.

అప్పుడు అంకుల్ ప్రార్థన చేశారు. అది నాకు ఇప్పటికీ గుర్తుంది.

"తండ్రీ, ఈ బిడ్డ కాళ్లను దూరం నించి చూసి నేను తీర్పు చెప్పాను. నువ్వేమో ఆ కాళ్లు తీసుకొచ్చి నా చేతుల్లోనే పెట్టావు. నన్ను క్షమించు. ఈడి పాదం ఈడికి ఉంచు నాయనా."

తర్వాత నేను చేశాను. అప్పటిదాకా నేను చేసిన ప్రార్థనలన్నీ ఆఫీసులో మాట్లాడినట్టు ఉండేవి, ఎవరికీ ఇబ్బంది లేకుండా, దేవుని దగ్గర కూడా మొహమాటమే! ఆ ఉదయం మాత్రం అలా చేయలేదు.

"ప్రభువా, ఈ పాదం నువ్విచ్చింది. ఇందులోకి స్పర్శ మళ్లీ రాకపోయినా నిన్ను విడవను, నువ్వు పొమ్మన్నా పోను. కానీ ఒకటి మాత్రం నువ్వు ఇవ్వాల్సిందే. వద్దు అనే మాట నాకు రాదు. ఆ మాట ఇవ్వు. కాలు ఉన్నా లేకపోయినా ఆ మాట మీద నిలబడతాను. అయినా పాదం ఉంచితేనే మంచిది తండ్రీ, సువార్తకు కారు నడపడం రాదు."

ఆఖరి మాటకు సువార్త ఏడుస్తూనే నవ్వింది.

ఆపరేషనయ్యి తెలివొచ్చాక దుప్పటి తీసి చూసుకున్నాను. బొటనవేలి పక్క వేలు పోయింది. పాదం నిలిచింది! సహోదరులారా, పాదం నిలిచింది! మెట్టెలు పెట్టుకునే వేలది, మగవాణ్ణి కాబట్టి నాకు దానితో పెద్దగా పని లేదు, ప్రభువుకు హాస్యం కూడా తెలుసు! ఈస్టరు ఆదివారం కిటికీలోంచి ఎండ ఆ కట్టు మీద పడుతుంటే పడుకునే హల్లెలూయ పాడాను, పక్క మంచం గ్రీకు ముసలాయన తన భాషలో గొంతు కలిపాడు.

తిరిగి పనిలో చేరిన మొదటి శుక్రవారం నేనే పబ్‌కు వెళ్లాను. పారిపోలేదు, చెబుతున్నాను కదా! నా వంతు షౌట్ నేనే ముందు తీసుకుని అందరికీ కొని, నాకు మాత్రం సోడా నిమ్మరసం తెచ్చుకున్నాను. గ్రెగ్ చూశాడు. అప్పుడు చెప్పాను, నా కాళ్ల నరాలు పోయాయి గ్రెగ్, మద్యం వాటికి విషం, నేనిక తాగను, ఇప్పుడే కాదు, ఎప్పుడూ తాగను అని. అతను ఏమన్నాడో తెలుసా?

"నో వరీస్ మేట్. ముందే చెప్పొచ్చుగా?"

అంతే! దానికోసం నా పాదాలను పణంగా పెట్టాను! కోపం వచ్చింది నాకు, నవ్వూ వచ్చింది. కాంట్రాక్టు కూడా పొడిగించాడు. ఆ తర్వాత Y2K గండం గడిచిపోయి ఏ కంప్యూటరూ కూలలేదని తేలాక, షౌట్లు కొన్నవాళ్లనూ కొననివాళ్లనూ అందరినీ ఒకేసారి ఇంటికి పంపేశారు లెండి.

తెల్లవాళ్ల దగ్గర అంత తేలిక. మన వాళ్ల దగ్గర ఉంది అసలు యుద్ధం! పిల్లవాడి పుట్టినరోజని పిలుస్తారు, ఆడవాళ్లు లోపల, మగవాళ్లంతా గరాజ్‌లో, ఎవరో దేశం నుంచి వస్తూ తెచ్చిన సీసా మధ్యలో ఉంటుంది. నేను వద్దంటే ఒక తమ్ముడు పట్టుకున్నాడు.

"ఒక్క పెగ్గుకి ఏమవుద్దన్నా, మీరు మరీను. తీసుకోకపోతే నేను ఫీలవుతా."

ఫీలవు తమ్ముడూ అన్నాను. కుర్చీలో కూర్చుని బూటు విప్పి, మేజోడు లాగి, నాలుగు వేళ్ల పాదం ఆ సీసా పక్కనే పెట్టాను. గాజు దిగబడి కుళ్లితే కూడా నాకు తెలియలేదు, నువ్వన్న ఒక్క పెగ్గు ఇదే అన్నాను. ముల్లు వచ్చి అరటాకు మీద పడ్డా, అరటాకు వెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది అరటాకే, నేను అరటాకును, నాకు తెలుసు అన్నాను. బిర్యానీ కాస్త చల్లారింది. కానీ నేను కారెక్కుతుంటే అదే తమ్ముడు వెనకాలే వచ్చి కిటికీ దగ్గర వంగి మెల్లగా అన్నాడు.

"అన్నా, నాకూ అరికాళ్లు మండుతున్నయ్యి. ఎప్పట్నించో. ఇంట్లో చెప్పలేదు."

మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. అతనికీ షుగరే. కానీ అతని పాదాలకు ఇంకా స్పర్శ ఉంది, ఇంకా ఉంది! అతనెవరో చెప్పను. ఈ హాల్లోనే ఉన్నాడు.

ఇప్పుడు నన్ను ప్రశ్నలడిగేవారికి జవాబు. మీ ప్రార్థన సగమే నెరవేరింది కదా బ్రదర్, వేలు పోయింది, స్పర్శ రాలేదు అని ఒకరన్నారు. దేవుడిచ్చినదాన్ని తూకం వేయడానికి నేను కొట్టు పెట్టుకోలేదు! విశ్వాసముంటే మాత్రలెందుకు, పారేయండి అని ఇంకొకరన్నారు. పారేయను. ఇవిగో జేబులోనే ఉన్నాయి, ప్రార్థన చేసుకునే వేసుకుంటాను. నీ పాపం వల్లే ఇదంతా అనేవాళ్లకు మాత్రం నేను జవాబు చెప్పను, అంకుల్ చెబుతారు, ఆయన బాగా చెబుతారు.

నా పాదాలు బాగుపడలేదు. ఇది సాక్ష్యమే కాబట్టి దాచను. పొద్దున్నే సువార్త అద్దం పట్టుకుని నా అరికాళ్లు చూశాకే బూట్లు వేసుకుంటాను, నిద్రకు ముందు విప్పగానే మళ్లీ చూస్తుంది. ఏడాదికి ఒక్కరోజు మాత్రం ఈ హాల్లో విప్పుతాను, ఆ గురువారం నాడు. ఆనందరావు అంకుల్ ఎవరినీ ముట్టుకోనివ్వరు, నీళ్ల వేడి తన మోచేతితో చూసుకుని, ముసలి మోకాళ్లు నొప్పెడుతున్నా కింద కూర్చుని కడుగుతారు. ఆయన చేతులు నా పాదాలకు తెలియవు. నాకు తెలుసు.

నన్ను మొహమాటం చెరలోంచి బయటికి లాగిన యేసు ప్రభువుకు, బతికినంత కాలం, నాలుగు వేళ్ల మీద నిలబడి స్తోత్రం చెబుతాను! ఇక్కడ ఎవరైనా, తాగాలని లేకపోయినా గ్లాసు పట్టుకుని నవ్వుతున్నవాళ్లుంటే, కాళ్లు మండుతున్నా ఎవరికీ చెప్పనివాళ్లుంటే, మొదట ప్రభువుకు చెప్పండి, ఆయన దగ్గర మర్యాదలు అక్కర్లేదు. ఆ తర్వాత డాక్టరుకు చెప్పండి. వద్దు అనడం ఇంకా రావడం లేదా? నాకు ఫోన్ చెయ్యండి. అది పబ్ అయినా, గరాజ్ అయినా, ఎవరి ఇల్లయినా వస్తాను, మీ పక్కన నిలబడతాను. బూట్లు మాత్రం విప్పను.